ఒక్కరే నలుగురైతే: ఇంటి ధ్వనిముద్రణలోని భౌతికశాస్త్రం

మందమర్రిలో రోజు మూడు షిఫ్టులుగా నడుస్తుంది. మొదటి షిఫ్టుకు బొగ్గుబాయిలో దిగినవాడు ఇంటికి చేరే వేళకు రెండవ షిఫ్టువాడు బయలుదేరుతాడు. రాత్రి షిఫ్టువాడికి పగలే నిద్రవేళ. పాడేవాడు, డప్పు వాయించేవాడు, హార్మోనియం పట్టేవాడు, తాళం వేసేవాడు నలుగురూ ఒకే వాడలో ఉన్నప్పటికీ ఒకే గంటకు కలవడం అంత సులభం కాదు. మరొక వైపు ప్రతి జేబులోని ఫోనులోనూ ఒక ధ్వనిముద్రణ యంత్రం ఉన్నది. అందుచేత పాటగాడు క్వార్టరు తలుపు మూసుకొని మొదట తాళం, తరువాత హార్మోనియం, ఆ పైన గొంతు, చివరకు వంత కూడా తానే ముద్రించుకొని, వాటినన్నిటినీ కలిపి ఒక పాటగా తయారు చేసుకోగలుగుతున్నాడు.

ఈ విధంగా ఒంటరిగా చేసిన పాట మేలా, లేక నలుగురు కూడి పాడిన పాట మేలా? పైకి ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్న వలె కనిపిస్తుంది. కాని దీనిలో భౌతికశాస్త్రం కొలిచి చెప్పగల భాగం చాలా ఉన్నది. ధ్వని వేగం, గది గోడలు, కంఠనాళం పొడవు, మనిషి చెవికీ చేతికీ మధ్య నడిచే సవరింపు: ఇవన్నీ ఆ భాగంలోనివే. వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

ఒకరు అనేకులైన కథ

ఒకే మనిషి అనేక వాద్యాలు వాయించి వాటిని కలపడం ఫోనుతో పుట్టిన విద్య కాదు. 1941 ఏప్రిల్‌లో అమెరికా సంగీతకారుడు సిడ్నీ బెషే క్లారినెట్, రెండు రకాల సాక్సఫోనులు, పియానో, బాస్, డ్రమ్ములు అనే ఆరు వాద్యాలనూ తానే వాయించి ఒక పాటను రికార్డు చేశాడు. అప్పటి పద్ధతి ఇది: మొదటి వాద్యాన్ని ఒక రికార్డుపై ముద్రించాలి, దానిని మోగిస్తూ రెండవ వాద్యం వాయించి, ఆ రెండింటినీ కలిపి మరొక రికార్డుపై ముద్రించాలి, ఈ విధంగా చివరి దాకా సాగాలి. లెస్ పాల్ అనే గిటారు విద్వాంసుడు 1948లో ఇదే మార్గంలో ఒక్కడే ఎనిమిది గిటార్ల పాటను వెలువరించాడు. 1957లో ఆంపెక్స్ సంస్థ ఆయన కోసం ఎనిమిది దారుల టేపు యంత్రాన్ని తయారు చేసి ఇచ్చింది. ఒక్కొక్క దారిలో ఒక్కొక్క వాద్యం విడిగా ఉండటం వలన ఒకదానిలో తప్పు దొర్లితే దానిని మాత్రమే మళ్లీ ముద్రించుకోవచ్చును.

మన దక్షిణాదిలో ఏ.ఆర్. రెహమాన్ 1989లో మద్రాసులో తన ఇంటి వద్దనే స్టూడియో నెలకొల్పుకొన్నాడు. 1992లో వచ్చిన "రోజా" ఆ తరువాతిదే. ఇటీవలి కాలంలో లండన్ యువకుడు జేకబ్ కొలియర్ తన ఇంటి గదిలో దాదాపు అన్నీ తానే పాడి, వాయించి, 2016లో ఒక ఆల్బమ్ తెచ్చాడు. దానిలోని రెండు పాటలకు 2017లో గ్రామీ బహుమతులు లభించాయి. ఆ తరువాత ఆయన చేసిన ఆల్బములలో మాత్రం ఎందరో ఇతర సంగీతకారులు పాల్గొన్నారు. ఒక్కడే అంత చేయగలిగినవాడు మళ్లీ మనుషులను ఎందుకు వెదుక్కున్నాడో ఈ వ్యాసంలో ముందుకు పోయే కొద్దీ కొంత తెలుస్తుంది.

రొద ఎట్లా పెరుగుతుంది?

పాత రికార్డు పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. ప్రతి రికార్డుకూ తనదైన రొద ఉంటుంది. రెండవ ప్రతిలోనికి మొదటి దాని రొద కూడా చేరుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రొదలు కలిసినప్పుడు వాటి సామర్థ్యాలు కూడుతాయి. ఎనిమిది సమానమైన రొదలు కలిస్తే సామర్థ్యం ఎనిమిది రెట్లు, అనగా 9 డెసిబెల్లు పెరుగుతుంది. లెస్ పాల్ ఎదుర్కొన్న కష్టాలలో ఇది ఒకటి.

నేటి అంకాత్మక ముద్రణలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. అంకెలను ఎన్నిసార్లు ఎత్తి రాసినా కొత్త రొద పుట్టదు. కనుక ఆ చిక్కు తొలగిపోయినదని అనుకొంటాము. అయితే తొలగినది యంత్రపు రొద మాత్రమే. ఒకే గదిలో, ఫ్యాను తిరుగుతుండగా, దూరాన లారీలు పోతుండగా ఎనిమిది సార్లు ముద్రిస్తే ఎనిమిది సార్లూ గది రొద లోపలికి వస్తుంది. వాటిని సమాన స్థాయిలో కలిపినప్పుడు మళ్లీ అదే 9 డెసిబెల్ల లెక్క. నలుగురు ఒకేసారి ఒక మైకు ముందు పాడితే గది రొద ఒక్కసారే నమోదు అవుతుంది. ఒంటరి పద్ధతిలో ఫ్యాను ఆపడం, వాద్యం మోగని చోట్ల ఆ దారిని మూసివేయడం అందుకే అవసరం.

గది కూడా ఒక వాద్యమే

ఇంటిలో ముద్రించినవాడు తన వాద్యంతో పాటు తన గదిని కూడా ముద్రిస్తాడు. మూల ధ్వని ఆగిన తరువాత కూడా గోడల మధ్య పరావర్తనాల వలన కొంతసేపు ధ్వని నిలిచి ఉండటాన్ని ప్రతినాదం అంటారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సాబిన్ 1895 నుండి చేసిన ప్రయోగాల ఫలితంగా దీనికి ఒక సూత్రం ఏర్పడింది. ధ్వని తీవ్రత పది లక్షలవ వంతుకు తగ్గడానికి పట్టే కాలాన్ని ప్రతినాద కాలం అనుకొంటే,

ప్రతినాద కాలం (సెకన్లలో) = 0.161 × గది ఘనపరిమాణం ÷ మొత్తం శోషణం

4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల క్వార్టరు గదిని తీసుకొందాం. ఘనపరిమాణం 36 ఘనపు మీటర్లు. నేల, పైకప్పు, నాలుగు గోడల వైశాల్యం 66 చదరపు మీటర్లు. సిమెంటు గోడ తనపై పడిన ధ్వనిలో సుమారు 3 శాతం మాత్రమే పీల్చుకొంటుందనుకొంటే మొత్తం శోషణం 66 × 0.03 = 1.98. అప్పుడు ప్రతినాద కాలం 0.161 × 36 ÷ 1.98, అనగా సుమారు 2.9 సెకన్లు. ఖాళీ గదిలో డప్పు దెబ్బ ఎందుకు ముద్దగా వినిపిస్తుందో దీనిని బట్టి తెలుస్తున్నది: ముందటి దెబ్బ చావకముందే తరువాతి దెబ్బ పడుతున్నది.

ఇప్పుడు 10 చదరపు మీటర్ల మేర పరుపులు, బొంతలు గోడలకు ఆనించామనుకొందాం. వాటి శోషణ గుణకం 0.5 అయితే మొత్తం శోషణం 56 × 0.03 + 10 × 0.5 = 6.68 అవుతుంది. ప్రతినాద కాలం 0.87 సెకనుకు పడిపోతుంది. దీనికి ఖరీదైన పరికరం ఏదీ అక్కరలేదు.

అయితే బొంతలతో పోనిది ఒకటున్నది. ఎదురెదురు గోడల మధ్య స్థిర తరంగాలు ఏర్పడతాయి. వాటిలో అతి తక్కువ పౌనఃపున్యం, ధ్వని వేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు కనుక 4 మీటర్ల వైపు సుమారు 43 హెర్ట్జులు, 3 మీటర్ల వైపు 57 హెర్ట్జులు. ఆ పౌనఃపున్యాల దగ్గరి మంద్ర ధ్వనులు గదిలో ఒక చోట ఉబ్బి, మరొక చోట అణగిపోతాయి. ఒంటరిగా నాలుగు సార్లు అదే మూలన కూర్చొని ముద్రిస్తే అదే లోపం నాలుగు సార్లు పడుతుంది. వాద్యానికి ఒక చోటు చొప్పున మార్చి కూర్చోవడం ఉత్తమం. ఆరుబయట చెట్టుకింద నలుగురు కూడి వాయించినప్పుడు ఈ గోడల గొడవే ఉండదు.

ఒక గొంతు నాలుగు గొంతులు కాగలదా?

వంత పాటను కూడా తానే నాలుగు సార్లు పాడి కలిపితే నలుగురు పాడినట్లు వినిపించాలి కదా! కాని వినిపించదు. కారణం కంఠనాళంలో ఉన్నది. స్వరపేటిక నుండి పెదవుల వరకు గల మార్గం ఒక చివర మూసి ఉన్న గొట్టం వంటిది. పురుషులలో దీని పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. అటువంటి గొట్టపు మొదటి అనునాద పౌనఃపున్యం 343 ÷ (4 × 0.17), అనగా సుమారు 500 హెర్ట్జులు. నాలుక, దవడ కదలికలతో అచ్చులు మారుతూ ఈ అనునాదాలు అటూ ఇటూ జరుగుతాయి. అయినప్పటికీ నాళం పొడవు, ఆకారం మనిషికి ఒక విధంగా ఉంటాయి. చీకటిలో మాట విని మనిషిని గుర్తుపట్టగలగడానికి ఇదొక ముఖ్య కారణం.

ఒకే మనిషి నాలుగు సార్లు పాడితే నాలుగింటిలోనూ అనునాద శిఖరాలు ఒకే చోట పడతాయి. స్వరపు సూక్ష్మ భేదాల వలన గొంతు కొంచెం దళసరి అవుతుంది గాని గుంపు కాదు. నలుగురు పాడినప్పుడు శిఖరాలు వేరు వేరు చోట్ల పడి, ఒకరి లోటును మరొకరు పూడుస్తారు. ఈ తేడాను ఏ యంత్రంతోనైనా అనుకరించవచ్చును గాని, అసలు పదార్థం నాలుగు శరీరాలలోనే ఉన్నది.

డప్పు విషయంలో కూడా ఇటువంటిదే మరొకటి ఉన్నది. డప్పును వాయించే ముందు మంట దగ్గర కాచడం మనకు తెలిసినదే. వేడికి తేమ పోయి చర్మం బిగుస్తుంది. బిగువు పెరిగితే పౌనఃపున్యం పెరుగుతుంది. అది బిగువు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. కళాకారులు కూడినప్పుడు ఒకే మంట చుట్టూ డప్పులన్నిటినీ కాచి, ఒకదానికొకటి పోల్చి చూసుకొంటారు. ఒంటరిగా ఎండాకాలంలో ఒక డప్పు, ముసురు పట్టిన శ్రావణంలో మరొకటి ముద్రించి కలిపితే రెండింటి శ్రుతి కలవకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇచ్చిపుచ్చుకోవడం

అన్నిటికంటె ముఖ్యమైనది కాలానికి సంబంధించిన విషయం. 1665లో హాలండు శాస్త్రజ్ఞుడు హైగెన్స్ ఒకే దూలానికి వేలాడుతున్న రెండు లోలక గడియారాలను గమనించాడు. వాటిని ఎట్లా కదిలించినా కొంతసేపటికి రెండు లోలకాలూ ఒకే కాలంలో ఎదురెదురుగా ఊగసాగాయి. దూలం ద్వారా ఒకదాని కదలిక రెండవదానికి, రెండవదాని కదలిక మొదటిదానికి చేరుతూ ఉండటమే దీనికి కారణం. ఇది పరస్పర బంధం.

ఇద్దరు కళాకారులు ఎదురెదురుగా వాయించేటప్పుడు చెవే ఆ దూలం. 2010లో ప్రకటితమైన ఒక ప్రయోగంలో ఇద్దరిద్దరి చేత ఒకరి దెబ్బను ఒకరు వింటూ వేళ్లతో లయ కొట్టించారు. ప్రతి దెబ్బకూ ఇద్దరూ సవరించుకొంటున్నట్లు తేలింది. ఒకరు నాయకుడు, ఒకరు అనుచరుడు అనే భేదం కనిపించలేదు. తడబడే మనిషితో కూడా, ఆ మనిషి తమకు స్పందిస్తున్నంత వరకు, నిలకడ గల యంత్రంతో సమానంగానే జత కలపగలిగారు. జంటగా లయ కొట్టే ఇద్దరి కాలభేదాలు ఒకదానిపై ఒకటి నిమిషాల తరబడి ఆధారపడి ఉంటాయని 2014లో మరొక పరిశోధన చూపింది.

ఒంటరి ముద్రణలో ఈ బంధం ఏకముఖం. రెండవసారి వాయించేవాడు మొదటి ముద్రణను అనుసరించగలడు. మొదటి ముద్రణ మాత్రం రెండవ దానిని అనుసరించలేదు. అది అప్పటికే జరిగిపోయినది. పాటలో ఒక చోట ఉత్సాహం కలిగి లయ కొంచెం ముందుకు తోసినా తాళం కదలదు. అందుచేత ఒంటరివాడు క్రమంగా గడియారానికి లోబడిపోతాడు.

అయితే రెండవ పక్షాన్ని కూడా వినాలి. 2007లో వెలువడిన ఒక ప్రయోగంలో పియానో వాదకుల చేత యుగళంలోని ఒక భాగాన్ని ముద్రింపజేసి, కొన్ని నెలల తరువాత ఆ ముద్రణలతో రెండవ భాగాన్ని వాయింపజేశారు. ఇతరుల ముద్రణతో కంటె తమ సొంత ముద్రణతో వారు ఎక్కువ చక్కగా జత కలిపారు. ఎవరి నడక వారికే బాగా తెలుసు కనుక రాబోయే దెబ్బను ముందుగా ఊహించగలరు. అంటే అతుకు కచ్చితంగా ఉండటమే కావలసినదైతే తనకు తానే మంచి తోడు. ఎదుటివాడు మనలను కదిలించడం కావలసినదైతే మాత్రం ఎదుటివాడు ఉండి తీరాలి.

మన ప్రాంతపు ఒగ్గుకథను తీసుకోండి. ప్రధాన కథకుడు మల్లన్న కథనో, బీరప్ప కథనో చెబుతుండగా పక్కవారు వంత పలుకుతారు, ప్రశ్నిస్తారు, డోలుతో, తాళాలతో ఊపునిస్తారు. ఆ ఊపును బట్టి కథకుడు ఒక ఘట్టాన్ని పెంచుతాడు, మరొకదానిని కుదిస్తాడు. ఆదిలాబాదు గోండు గూడేలలో దీపావళి దినాలలో సాగే దండారిలో గుస్సాడీల అడుగులకూ వాద్యాలకూ మధ్య ఉన్నది కూడా ఇటువంటి సంబంధమే. ఈ కళలలో ఇచ్చిపుచ్చుకోవడం అనేది పైపూత కాదు, కట్టడమే అది.

దూరం, ఆలస్యం

మందమర్రిలో పాటగాడు, దుబాయిలో అతని డప్పు మిత్రుడు. ఇద్దరూ ఇంటర్నెట్ ద్వారా ఏకకాలంలో కలసి వాయించలేరా? ఇక్కడ ఆలస్యం అడ్డు వస్తుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ షాఫ్, గురేవిచ్ 2004లో వెల్లడించిన ప్రయోగాలలో వేరు వేరు గదుల నుండి ఇద్దరు చప్పట్లతో లయ వేశారు. వారి మధ్య ఆలస్యం సుమారు 11.5 మిల్లీసెకన్లకు మించినప్పుడు లయ నెమ్మదించింది. అంతకంటె తక్కువైనప్పుడు వేగం పుంజుకొన్నది. 11.5 మిల్లీసెకన్లలో ధ్వని గాలిలో పోగల దూరం సుమారు 4 మీటర్లు. చిన్న మేళం వలయంగా నిలబడే దూరం ఇంచుమించు ఇదే!

గాజు తంతువులో కాంతి వేగం సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి దుబాయికి సుమారు 2,500 కిలోమీటర్లు కనుక, తీగె సూటిగా వేసినా ఒక వైపుకు 12.5 మిల్లీసెకన్లు పడుతుంది. దారి మళ్లింపులు, మధ్యలోని యంత్రాలు, ఫోనులోని నిలువలు కలిస్తే ఆలస్యం ఎన్నో రెట్లవుతుంది. అందుచేత దూరపు మిత్రులు సాధారణంగా ఎవరి భాగాన్ని వారు ముద్రించి పంపుకొంటారు. 2010లో ఎరిక్ విటేకర్ 12 దేశాలకు చెందిన 185 గొంతులను ఈ విధంగానే కూర్చి ఒక బృందగానం తయారు చేశాడు. ఇది మధ్యేమార్గం: గొంతుల వైవిధ్యం దక్కుతుంది, పరస్పర సవరింపు దక్కదు.

ఇంటిలో ముద్రించేవారు గుర్తుంచుకోవలసిన ఆలస్యం మరొకటి ఉన్నది. తీగె లేని బ్లూటూత్ ఇయర్‌ఫోనులలో ధ్వని 100 నుండి 200 మిల్లీసెకన్ల వరకు ఆలస్యం కావడం సాధారణం. నిమిషానికి 120 దెబ్బల నడకలో రెండు దెబ్బల మధ్య వ్యవధి 500 మిల్లీసెకన్లే. 150 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే దాదాపు మూడవ వంతు దెబ్బ జారినట్లే. కనుక తీగె గల ఇయర్‌ఫోనునే వాడాలి.

పాఠశాలలో చేయదగిన ప్రయోగం

ఉపాధ్యాయులు దీనిని ఆటస్థలంలో చేసి చూపవచ్చును. ఇద్దరు విద్యార్థులను ఒకరికొకరు వీపు పెట్టి ఒక మీటరు దూరంలో నిలబెట్టండి. చూపుతో లయ అందకుండా కళ్లు మూసుకోవాలి. నిమిషానికి 90 దెబ్బల నడకను మీరు కొద్దిసేపు వినిపించి ఆపివేయండి. ఆ నడకలోనే వారు ఒకరినొకరు వింటూ 40 చప్పట్లు కలసి కొట్టాలి. ఆపుడు గడియారంతో కాలాన్ని కొలవండి. తరువాత వారిని 34 మీటర్ల దూరంలో నిలబెట్టి ఇదే చేయించండి. ఇప్పుడు ఒకరి చప్పుడు మరొకరికి చేరడానికి 100 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతివాడూ ఎదుటివాని కోసం ఆగడం వలన నడక నెమ్మదించి, 40 చప్పట్లకు పట్టే కాలం పెరగాలి.

మూడవ మెట్టుగా ఒకరి చప్పట్లను ముందుగా ఫోనులో ముద్రించి, రెండవవారిని ఇయర్‌ఫోనుతో దానిని వింటూ కొట్టమనండి. ఇక్కడ నడక ముద్రణలోని దానికంటె మారదు. మారే స్వేచ్ఛ దానికి లేదు. ఒక జంటతో తృప్తిపడక అయిదారు జంటలతో చేయించి సగటు తీయడం శాస్త్రీయ పద్ధతి.

ఏది ఎప్పుడు?

పై విషయాలను బట్టి ఒక నిర్ణయానికి రావచ్చును. పాట కట్టేటప్పుడు, వరుస వెదికేటప్పుడు, తన తప్పు తాను విని దిద్దుకొనేటప్పుడు ఒంటరి ముద్రణకు మించిన గురువు లేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడికి అది తప్ప మరొక దారి లేకపోవచ్చును కూడా. పరస్పర స్పందనే ప్రాణమైన ఒగ్గుకథ, డప్పు మేళం, భజన, వంత గల పనిపాటలు మొదలైనవాటిని మాత్రం భాగాలుగా విడదీసి ముద్రించరాదు. కనీసం లయ వాద్యం, ప్రధాన గాత్రం ఒకే వేళ, ఒకే చోట, నాలుగు మీటర్ల లోపల ముద్రించి, మిగిలినవి తరువాత చేర్చుకోవచ్చును. ఫోనులో ధ్వని స్థాయిని తనంతట తాను మార్చే ఏర్పాటును వీలైతే ఆపాలి. లేనట్లయితే డప్పు దెబ్బ పడినప్పుడల్లా గొంతు అణగిపోతుంది.

ఈ జాగ్రత్త ఎందుకంటే, ముద్రణ అనేది ఒకనాటి వినోదంతో ముగిసేది కాదు. ఒకప్పుడు పిల్లలు మేళంలో నిలబడి పెద్దల పక్కన వాయించి నేర్చుకొనేవారు. నేడు చాలామంది ఫోనులో విని నేర్చుకొంటున్నారు. అక్కడ దొరికేవన్నీ గడియారానికి కట్టివేసిన ఒంటరి ముద్రణలే అయితే, ఎదుటివాని కోసం ఒక వెంట్రుకవాసి ఆగడం, ఎదుటివాని ఊపుతో ఒక అడుగు ముందుకు దూకడం రాబోయే తరం చెవికి ఎక్కడా తగలవు. వినని దానిని వాయించేవారు ఉండరు. షిఫ్టులు కలిసిన ఒక ఆదివారం సాయంత్రం ఊరి పెద్దలను ఒక చెట్టుకింద కూర్చోబెట్టి, విద్యార్థులు ఒక్క ఫోనును మధ్యలో ఉంచి ముద్రిస్తే, ఆ ముద్రణలో లోపాలు కొన్ని ఉండవచ్చు గాని ఆ ఇచ్చిపుచ్చుకోవడం నిలిచి ఉంటుంది.